రేడియో సారు చేసిన ఆఖరి ఫోను

పోయిన నెల ఒక శనివారం పొద్దున మిషన్లకు నూనె వేస్తాండగా ఫోనొచ్చింది. పెనుకొండలో మా రేడియో సారు ఇంటి పక్కనుండే ఆయన. "సారు పోయినారమ్మా. తెల్లవారుజామున గుండెనొప్పి వచ్చిందంట. ఆస్పత్రికి తీసకపోయేలోపలే అయిపోయింది" అన్నాడు. నేను "ఆ" అని మాత్రం అన్నా. నూనె డబ్బా చేతిలో పట్టుకోని ఎంతసేపు నిలబడినానో నాకే తెలీదు. మా ఆయన వచ్చి డబ్బా తీసుకోని కింద పెట్టినాడు.

సంగతి ముందు చెప్పు, మర్యాదలు తర్వాత అని నాకు నేర్పింది ఆయనే. కాబట్టి సంగతి ముందే చెప్పేస్తా. ఆయన పోయేకి ముందురోజు మధ్యాన్నం నాకు ఫోన్ చేసినారు. నేను సరిగ్గా వినలేదు. అప్పట్నుంచీ నాకు ఇదే పని. ఏం చేస్తాన్నా ఆ ఫోన్లో ఆయన అన్న నాలుగు ముక్కలూ మళ్లీ మళ్లీ తిప్పి వేసుకుంటాండా. అలుపొచ్చింది. అయినా ఆగడం లేదు.

మాది హిందూపురం. పట్టుగూళ్ల మార్కెట్టుకు ఆవలపక్క మా షెడ్డు. దాంట్లో పట్టునూలు పురిపెట్టే మిషన్లు నాలుగు. ఆ రోజు కరెంటు వస్తాంది, పోతాంది. పోయినప్పుడల్లా పోగులు తెగుతాండాయి. నేను కిందా మీదా పడి ముడేస్తాండా. ఆ సందట్లో ఫోన్ మోగింది. ఫోన్ని భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకున్నా.

"ఏం పాపా, తిన్నావా?" అన్నారు సారు.

"ఆ, తిన్నా సార్. మీరు?"

"ఆ." కొంచేపు ఏమీ లేదు. "మీ ఆయన బాగుండాడా?"

"బాగుండాడు సార్. ఏం సార్, చెప్పండి."

మళ్లా కొంచేపు ఏమీ లేదు. "ఏం లేదు. ఊరికే చేసినా పాపా" అన్నారు.

"ఈడ కరెంటుతో చస్తాండా సార్, మళ్లా చేస్తా" అన్నా. "చేయి" అన్నారు. పెట్టేసినా. పని అయిపోయేసరికి పొద్దు గూకింది. ఒళ్లు నొప్పులు. రేపు చేద్దాంలే అనుకున్నా.

చదివేవాళ్లకు మా సారు ఎవరో చెప్పకుండా ఇదంతా చెప్తే అర్థం కాదు. ఆయన ముప్పై ఏండ్లు ఓడల మీద రేడియో ఆఫీసరు. పెనుకొండ కొండ కింద పుట్టి, చెరువు తప్ప నీళ్లు చూడని మనిషి సముద్రం మీద ముప్పై ఏండ్లు బతికినాడు. శాటిలైట్లు వచ్చినాక మీ పని లేదు పొమ్మన్నారంట. వచ్చి పెనుకొండలోనే ఇల్లు కట్టుకున్నారు. పిల్లల్లేరు. ఆయనా, ఆయన భార్యా. ఆమెను నేను అమ్మా అనే పిలుస్తా. రేడియో సర్టిఫికెట్టు కావాలని వచ్చినోళ్లకు ఆదివారం పూట వసారాలో పాఠం చెప్పేవాళ్లు. దానికి ఒక్క పైసా తీసుకోలేదు.

హిందూపురం దానికి రేడియో సర్టిఫికెట్టు ఏంటికి అని మీరు అడగొచ్చు. మా బంధువులంతా అడిగినారు. తాగే నీళ్లకు ట్యాంకరు కోసం బిందెలు పెట్టుకోని కూర్చునే ఊర్లో పడవ కొన్నారంట అని నవ్వని మనిషి లేడు. మా ఆయనకు, ఆయన స్నేహితునికీ పిచ్చి పట్టింది. మంగళూరు పక్క ఒక చిన్న రేవులో సెకండ్ హ్యాండ్ మోటారు బోటు కొన్నారు, ఆరుమంది పట్టేది. ఏడాదికి రెండు మూడు సార్లు బస్సెక్కి పోయేది, ఒడ్డు కనిపించేంత దూరంలోనే తిరిగి వచ్చేది. దాంట్లో ఒక వీహెచ్ఎఫ్ రేడియో సెట్టుండాది, వేరే బోట్లతో మాట్లాడేది. దాన్ని ముట్టుకునేకి సర్టిఫికెట్టు కావాలని బోటు అమ్మిన ఆయన చెప్పినాడు. మావాళ్లు విన్నారా? వినలేదు. సెల్‌ఫోన్ వాడేకి సర్టిఫికెట్టు ఉండాదా అని వీళ్ల వాదన.

రెండోసారి పోయినప్పుడు నేనూ మా ఆయనా మా బోట్లో ఎక్కినాం, స్నేహితుడు ఇంకో బోటు బాడుగకు తీసుకున్నాడు. దాంట్లోనూ సెట్టుండాది. మా ఆయన సెట్టు ఆన్ చేసి, అదేదో కొత్త బొమ్మ దొరికినట్టు మొదలుపెట్టినాడు. "ఏమప్పా, యాడుండావు?" "ఈడే ఉండా. నువ్వు యాడ?" "టిఫినైందా?" "ఉగ్గాని తెచ్చినాం, బజ్జీలు చల్లారిపోయినాయి." పావుగంట ఇదే. వాళ్లు మాట్లాడింది పదహారో చానల్లో. అది సముద్రం మీద అందరూ చెవి పెట్టుకోని ఉండే చానలు. ఆపదలో ఉన్నోళ్లు పిలిచేది దాంట్లోనే. మాకు ఆ సంగతి తెలీదు.

రేవుకు తిరిగొస్తే ఒక ముసలాయన ఎదురొచ్చినాడు. చేపల బోటు ఆయన. కోపంగా కూడా లేడు. కన్నడంలో, "మాట్లాడేకి మీకు ఫోన్లుండాయి కదమ్మా" అన్నాడు. అప్పుడు తెలిసింది. వాళ్ల బోట్లో ఒకనికి వల లాగే మిషన్లో చెయ్యి ఇరుక్కునింది. సాయానికి పిలుస్తాంటే చానలు ఖాళీ లేదు. ఉగ్గాని, బజ్జీలు. ఆ మనిషికి రెండు వేళ్లు పోయినాయి. ముందే పిలుపు అందింటే మిగిలేవా అంటే, ఎవురు చెప్తారు? ఇంటికి వచ్చేదారిలో బస్సులో మా ఆయన తన వేళ్లే చూసుకుంటా కూర్చున్నాడు. నేనైతే, ఆ బోటు అమ్మేయల్ల, లేదా ఇంట్లో ఒక్కరన్నా సరిగ్గా నేర్చుకోవల్ల అనుకున్నా.

మా నూలు కొనే ధర్మవరం షావుకారు ఒకాయన పెనుకొండ సారు సంగతి చెప్పినాడు. ఒక ఆదివారం పోయినా. సారు గేటు దగ్గరే నిలబెట్టి, "ఏంటికి నేర్చుకుంటావు?" అని అడిగినారు. రూలుంది కాబట్టి అని చెప్దామనుకున్నా. నోట్లోంచి వేళ్ల సంగతి వచ్చేసింది. అంతా విని, "చెప్పులు ఈడ విడిచి లోపలికి రా" అన్నారు.

ఆయన దగ్గర రెండు పాత సెట్లు ఉండేవి. వాటికి ఏరియల్ తీసేసి, ఒకదానికొకటి వైరుతో కలిపినారు. ఒకటి వసారాలో, ఇంకొకటి మిద్దె మీద. సర్టిఫికెట్టు లేనోళ్ల గొంతు గాల్లోకి పోగూడదు అనేది ఆయన పట్టు. నాతో బాటు ధర్మవరం నుంచి ఇద్దరు వచ్చేవాళ్లు, ఓడల్లో పనికి పోవాలని. వాళ్లకు అన్నీ తొందరగా వచ్చేవి. నలభై ఆరేండ్లకు పుస్తకం పట్టిన నాకే నిమ్మళంగా ఎక్కేది.

మొదటి దినం నన్ను మిద్దె మీదికి తోలినారు. "నీ బోటుకు బొక్క పడింది. నీళ్లొస్తాండాయి. నలుగురుండారు. నన్ను పిలువు" అన్నారు. నేను బటన్ నొక్కి, "సార్ నమస్తే సార్. బాగుండారా సార్? అమ్మ ఏం చేస్తాంది? ఏం లేదు సార్, ఈడ కొంచెం..." అంటాండగానే కింద నుంచి ఆయన గొంతు వచ్చింది. "మునిగిపోయినావు. దిగిరా."

దిగి వచ్చినా. ధర్మవరం వాళ్లు నవ్వు ఆపుకుంటాండారు. సారు నవ్వలేదు. "మన సీమోళ్లందరికీ ఇదే రోగం పాపా. ఇంటికి నిప్పంటుకున్నా పక్కింటికి పోయి, తిన్నారా అని అడిగి, మంచం మీద కూర్చోని, నీళ్లు తాగి, లేచి పోయేటప్పుడు వాకిట్లో నిలబడి చెప్తాం, మా ఇల్లు కాలిపోతాంది అని. రేడియోలో ఊరికే అనేది లేదు. నువ్వెవరు, యాడుండావు, ఏమైంది, ఏం కావల్ల. అంతే" అన్నారు.

ఆ మాట ఎన్నిసార్లు చెప్పినారో. నేను ఎన్ని ఆదివారాలు మిద్దె మీద మునిగిపోయినానో లెక్కలేదు. ప్రాణం మీదికొచ్చినప్పుడు రేడియోలో పిలిచే మాట మేడే. దాన్ని మూడుసార్లు చెప్పేకి నాకు సిగ్గు. అంత గట్టిగా సాయం అడిగితే ఎవురన్నా ఏమనుకుంటారో అని గొంతు కిందికి పోయేది. "సముద్రంలో ఎవురుండారు నిన్ను చూసి నవ్వేకి? అడుగు" అనేవాళ్లు.

ఇంకొకటి చెప్పేవాళ్లు. బటన్ నొక్కినంతసేపు నీకు ఎవురి మాటా వినపడదు. వదిలితేనే వినపడతాది. కాబట్టి తక్కువ నొక్కు, ఎక్కువ వదులు. ఇది సెట్టు సంగతే. కానీ నేను ఇంటికి పోయి మా ఆయనతో పోట్లాడేటప్పుడు కూడా గుర్తొచ్చేది. కోపంలో ఎవురు బటన్ వదుల్తారు చెప్పండి?

సారు ఇంట్లో గోడకు ఓడ గడియారం ఉండేది. దాని ముఖం మీద రెండు చోట్ల ఎర్ర రంగు వేసింటాది, ప్రతి గంటలో పావుకీ ముప్పావుకీ మూడేసి నిమిషాలు. ఆ కాలంలో ప్రపంచంలో ఏ ఓడలో ఉన్నా రేడియో ఆఫీసర్లు ఆ మూడు నిమిషాలు తమ మాటలు ఆపేసి వినల్లంట. ఎవురన్నా దూరం నుంచి సన్నగా పిలుస్తాండారేమో అని. ఆ పద్ధతి ఎప్పుడో పోయింది. సారు ఇంట్లో మాత్రం పోలేదు. పాఠం మధ్యలో ముల్లు ఎరుపులోకి రాగానే నోరు మూసుకునేవాళ్లు. మేమూ మూసుకునేది. బయట ఆటో పోతాంటాది, పక్కింట్లో కుక్కర్ కూస్తాంటాది. మూడు నిమిషాలైనాక ఆపిన మాట దగ్గర్నుంచే మళ్లా ఎత్తుకునేవాళ్లు. అమ్మ వంటింట్లో నుంచి, "నేను ఏదన్నా అడగబోయేటప్పుడే వస్తాది ఆ ఎర్రగీత. పెండ్లయినప్పట్నుంచీ అంతే" అనేది. సారు నవ్వుతారు కానీ పలకరు, ఇంకా నిమిషం ఉండాది కాబట్టి.

మొదటిసారి పరీక్షలో నేను తప్పినా. పేపరు బాగానే రాసినా. మాట్లాడి చూపించే దాంట్లో పరీక్ష పెట్టే ఆయన, మీ ఇంజను రూములో మంటలు, పిలవండి అన్నాడు. నా నోట్లో మేడే రాలేదు. "సార్, ఒక చిన్న ప్రాబ్లం సార్" అని వచ్చింది. ఆయన పెన్ను కింద పెట్టేసినాడు. బెంగుళూరు నుంచి తిన్నగా పెనుకొండలో దిగి సారుకు చెప్పి, వసారాలో కూర్చోని ఏడ్చినా. తిడతారనుకున్నా. తిట్టలేదు. లోపలికి పోయి నాకు మజ్జిగ తెచ్చిచ్చి, ఎదురుగా కూర్చోని ఒక సంగతి చెప్పినారు. దాన్ని ఆయన ఇంకెవురికైనా చెప్పినారో లేదో నాకు తెలీదు.

ఆయన చేరిన కొత్తలో ఒక చిన్న బోటు నుంచి పిలుపు వచ్చిందంట. వాడు సాయం అడగలేదు. కొంచెం నీళ్లొస్తాండాయి, మేమే చూసుకుంటాం, మీరు ఈ పక్కగా వస్తాంటే ఒకసారి చూడండి అన్నాడంట. సారు ఆ మాటల్నే రాసుకోని పోయి కెప్టెనుకు చెప్పినారు. వాళ్లే చూసుకుంటాం అన్నారు కదా అని ఓడ దాని దారిలో అది పోయింది. తర్వాత ఎన్నిసార్లు పిలిచినా ఆ బోటు పలకలేదు. "వాడు అబద్ధం చెప్పలేదు పాపా. వానికి అడిగే అలవాటు లేదు. నాకు వినే అలవాటు లేదు. మాటలు రాసుకున్నా కానీ, మాటకూ మాటకూ మధ్య వాడు ఎంతసేపు ఆగినాడో రాసుకోలేదు" అన్నారు. కొంచేపు చేతుల వైపు చూసుకున్నారు. "అడగడం నేర్చుకునేకి నీకు ఇంకో పరీక్ష ఉండాది. రాసెయ్" అన్నారు.

రాసినా. రెండోసారి గొంతెత్తి మూడుసార్లు మేడే అన్నా. పక్కగదిలో వాళ్లు తొంగి చూసినారు. సర్టిఫికెట్టు ఇంటికి వచ్చింది సారు పోయిన వారంలోనే, గురువారం. ఆదివారం తీసకపోయి చేతిలో పెడదామని చెప్పకుండా దాచుకున్నా. శుక్రవారం ఆయనే ఫోన్ చేసినా చెప్పలేదు. చెప్పే తీరిక కూడా లేకపోయె నాకు.

అంత్యక్రియలకు పోయినాం. చానామంది వచ్చినారు, ఎండ మండిపోతాంది. మా ఆయన నన్ను ఊరడించేకి చూసినాడు. "ఊరికే చేసింటాడులే. పెద్దోళ్లు చేస్తాంటారు. నువ్వు విన్నా ఏం చేస్తావు?" అన్నాడు. వాళ్లూ వీళ్లూ అదే అన్నారు. అందరి మాటకూ ఆ, ఆ అన్నా. రేడియోలో ఊరికే అనేది లేదు అని నాకు ఏడాదిన్నర చెప్పిన మనిషి, ఊరికే చేసినా అన్నాడు. మధ్యలో రెండుసార్లు ఆగినాడు. నేను విన్నింది కరెంటు వచ్చిందా లేదా అని.

పదకొండో దినం మళ్లా పోయినా. భోజనాలైనాయి, వచ్చినోళ్లు వెళ్లిపోయినారు. అమ్మ పెరట్లో మెట్టు మీద చాట పెట్టుకోని చెనిక్కాయలు వలుస్తాంది. పక్కన కూర్చున్నా. నేనూ నాలుగు కాయలు తీసుకున్నా. అడగాలంటే భయం, అడగకపోతే బతకలేను. మిద్దె మీద నేర్చుకున్నట్టే అడిగినా.

"అమ్మా, ఆ శుక్రవారం మధ్యాన్నం సారు నాకు ఫోన్ చేసినారు. నేను వినకుండా పెట్టేసినా. ఆయనకు అప్పటికే నొప్పి ఉండేదా?"

ఆమె వలిచేది ఆపలేదు. "పొద్దుట్నుంచే ఎడమ భుజం రుద్దుకుంటాండె" అనింది. "ఏమి అంటే గ్యాస్ అనె. ఇట్లే కూర్చోనుండా నేను పక్కన, ఇవే వలుస్తా. ఫోన్ చేతికి తీసుకోని, ఆ పాపకు చెప్తే కారు మాట్లాడుకోని వస్తారు, హిందూపురంలో చూపించుకుందాం అనె. చేసినాడు. పెట్టేసినాక, ఏమనింది అంటే, పాపం పనిలో ఉండాదిలే, రేపు పోదాం అనె."

నా చేతిలో కాయలు చాటలో పెట్టేసినా. తల ఎత్తలేకపోయినా.

"నువ్వు హిందూపురంలో ఉంటివి. నేను ఈడే ఉంటి కదా" అనింది అమ్మ. "నలభై ఏండ్లు కాపురం చేసి, ఆయన గ్యాస్ అంటే నేనే నమ్మితిని. వాము నీళ్లు ఇచ్చి పడుకోబెడితి." ఆ గొంతులో నా మీద కోపం లేదు. ఉంటే బాగుండు అనిపించింది.

చాటలో కాయలు తగ్గుతా వచ్చినాయి. ఎండ గోడ మీదికి ఎక్కింది. నాకు ఐదు గంటల బస్సుండాది, అది పోతే మళ్లా చీకటి పడతాది. షెడ్డులో పని అట్లే ఉండాది. లేచి చీర దులుపుకున్నా.

"నువ్వెట్లుండావమ్మా?" అని అడిగినా.

"నాకేమి, బాగానే ఉండా. నువ్వు పో పాపా, బస్సు తప్పిపోతాది" అనింది.

ఒక కాలు చెప్పులో పెట్టేసినా. బాగానే ఉండా అన్న మాటకూ, పో అన్న మాటకూ మధ్య ఆమె ఆగింది. చాలా కొంచేపే. కాయను రెండు వేళ్ల మధ్య పట్టుకోని, ఒత్తకుండా అట్లే ఉండింది.

చెప్పు విడిచి మళ్లా కూర్చున్నా. ఏమీ అడగలేదు, ఏమీ చెప్పలేదు. ఆమె నా వైపు చూడలేదు. రోడ్డు మీద హిందూపురం బస్సు హారను కొట్టుకుంటా వచ్చి, స్టాపులో నిలబడి, పోయింది. అది పోయిన సద్దు కూడా అణిగిపోయినాక అమ్మ నోరు తెరిచింది.

"ఈ ఇంట్లో ఒక్కదాన్నే ఉండాలంటే నాకు భయంగా ఉండాది పాపా" అనింది. అని, చాటను పక్కకు జరిపి, పొట్టు అంటుకున్న చేతుల్తోనే నా చెయ్యి పట్టుకునింది.